గ్యాస్ గీజర్ ఆన్ అవ్వట్లేదా? పార్ట్స్ మార్చే ముందు అది ఎక్కడ ఆగుతుందో వినండి

ఫోన్ ఆన్ చేస్తే లోగో దగ్గరే ఆగిపోయింది అనుకోండి. మనం వెంటనే డిస్‌ప్లే మార్చేయం కదా. లోగో దాకా వచ్చిందంటే బ్యాటరీ, పవర్ బటన్, స్క్రీన్ మూడూ బాగానే ఉన్నాయి, గొడవ ఆ తర్వాతి స్టెప్ లో ఉంది అని అర్థం చేసుకుంటాం. బాత్రూమ్ గోడకి వేలాడే గ్యాస్ గీజర్ కి కూడా ఇదే లాజిక్ పనిచేస్తుంది. కానీ అది ఆన్ అవ్వకపోతే మాత్రం మనవాళ్లు ముందు బ్యాటరీలు మారుస్తారు, తర్వాత రెగ్యులేటర్ మారుస్తారు, ఆ తర్వాత బోర్డు మారుస్తారు. చివరికి కొత్త గీజర్ కొంటారు. అదీ ఆన్ అవ్వదు!

మాది కేసముద్రం. పాత వరంగల్ జిల్లా, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా. రైల్వే స్టేషన్, మార్కెట్ యార్డు ఉన్న ఊరే కానీ, గీజర్ పాడైతే కంపెనీ సర్వీస్ వాళ్లు వరంగల్ నుంచి రావాలి. డిసెంబర్, జనవరి లో వాళ్లు అంత తొందరగా రారు. ఫోన్లు రిపేర్ చేస్తానని తెలుసు కాబట్టి చుట్టాలు, పక్కింటి వాళ్లు "జర మా గీజర్ కూడా చూడరాదు" అని పిలుస్తారు. అలా చాలా గీజర్లు చూశాక నాకు తేలిందేంటంటే, ఎక్కువ కేసుల్లో మనం మార్చాల్సిన పార్ట్ ఏదీ ఉండదు. ఒక్క విషయం మాత్రం సీరియస్ గా చెప్పాలి. కొన్నిసార్లు గీజర్ ఆన్ అవ్వకపోవడమే అది కరెక్ట్ గా పనిచేస్తోందనడానికి సాక్ష్యం. దాని గురించి కింద వివరంగా రాశాను, దయచేసి ఆ భాగం స్కిప్ చేయకండి.

ముందు ఒక హెచ్చరిక. గ్యాస్ వాసన వస్తుంటే ఈ ఆర్టికల్ పక్కన పెట్టేయండి. రెగ్యులేటర్ ఆఫ్ చేసి, తలుపులు కిటికీలు తెరిచి, ఏ స్విచ్చూ ముట్టుకోకుండా బయటికి వచ్చి 1906 కి ఫోన్ చేయండి. అది ఎల్‌పీజీ లీకేజీకి ఉన్న ఎమర్జెన్సీ నంబర్. లీక్ ఎక్కడుందో చూడాలంటే సబ్బు నురగ రాయండి, బుడగలు వస్తే అక్కడే. అగ్గిపుల్ల గీసి చూసే వాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లకి దండం.

గీజర్ "బూట్" ఎలా అవుతుంది?

లోపల ఉండేది చిన్న కంప్యూటరే. టార్చిలైట్ లో వేసే పెద్ద సైజు సెల్స్ రెండు, అంటే 3 వోల్టులు. ఒక చిన్న సర్క్యూట్ బోర్డు. కరెంటు వైరింగ్ తో పనే లేదు. నల్లా తిప్పగానే ఏం జరుగుతుందో చూడండి.

నీళ్లు లోపలికి వస్తాయి. ఆ ప్రవాహం వల్ల వాటర్ వాల్వ్ లో ఉన్న రబ్బరు పొర, అంటే డయాఫ్రం, ఒక పక్కకి ఉబ్బుతుంది. అది ఒక చిన్న పిన్ ని తోస్తుంది, ఆ పిన్ మైక్రోస్విచ్ ని నొక్కుతుంది. బోర్డు నిద్ర లేస్తుంది. స్పార్క్ మొదలవుతుంది, టిక్ టిక్ టిక్ అని వినబడుతుంది. అదే టైమ్ లో సోలెనాయిడ్ వాల్వ్ "టక్" మని తెరుచుకుని గ్యాస్ వదులుతుంది. మంట "భుగ్గు" మని అంటుకుంటుంది. ఇప్పుడు మంటలో ఉన్న ఇంకో పుల్ల, అంటే ఫ్లేమ్ సెన్సర్, "మంట ఉంది" అని బోర్డుకి చెప్తుంది. కొన్ని సెకన్లలో ఆ కబురు అందకపోతే బోర్డు గ్యాస్ ఆపేస్తుంది.

మొత్తం కథ ఇంతే. నీళ్లు, స్విచ్, టిక్ టిక్, టక్, భుగ్గు, కబురు. ఈ వరసలో ఎక్కడి దాకా వినబడిందో పట్టుకుంటే సగం రిపేర్ అయిపోయినట్టే.

అసలు సౌండే రావట్లేదు

సెల్స్ తో మొదలుపెడదాం. అందరూ చేసే పని ఏంటంటే మల్టీమీటర్ పెట్టి 1.45 వోల్టులు చూపించగానే "సెల్స్ బాగున్నాయి" అని తేల్చేస్తారు. కానీ పాత సెల్ ఖాళీగా ఉన్నప్పుడు వోల్టేజ్ బాగానే చూపిస్తుంది. లోడ్ పడగానే దాని ఇంటర్నల్ రెసిస్టెన్స్ వల్ల ఢమాల్ మని పడిపోతుంది. పాత ఫోన్ 30 శాతం చూపిస్తూ కెమెరా ఓపెన్ చేయగానే స్విచాఫ్ అవ్వడం చూశారు కదా, అదే సంగతి. కాబట్టి మీటర్ పెట్టి ఉంచి, నల్లా తిప్పించి, స్పార్క్ వచ్చే టైమ్ లో రీడింగ్ చూడండి. రెండు సెల్స్ కలిపి అప్పుడు బాగా కిందికి జారితే మార్చండి. ఆల్కలైన్ అని రాసి ఉన్నవి వేస్తే ఎక్కువ రోజులు వస్తాయి. సెల్స్ పెట్టే డబ్బాలో స్ప్రింగ్ కి పచ్చగా చిలుము పట్టి ఉంటే గరుకు కాగితంతో గీకండి. బాత్రూమ్ తేమకి ఇది చాలా కామన్.

సెల్స్ బాగుంటే అసలు దొంగ నీళ్ల ప్రెషర్. దీని మీద కొంచెం టైమ్ పెడతాను, ఎందుకంటే మా ఊళ్లో నేను చూసిన వాటిల్లో ఎక్కువ కేసులు ఇవే.

గీజర్ పక్కన లేబుల్ మీద మినిమం వాటర్ ప్రెషర్ రాసి ఉంటుంది. చాలా మోడల్స్ లో అది 0.02 మెగాపాస్కల్ దగ్గర ఉంటుంది, అంటే 0.2 బార్. 10 మీటర్ల ఎత్తు నీళ్లకి సుమారు 1 బార్ వస్తుంది, కాబట్టి 0.2 బార్ కి 2 మీటర్లు కావాలి. ఇప్పుడు మన ఇల్లు చూడండి. ఒక్క అంతస్తు, స్లాబు ఎత్తు 3 మీటర్లు, స్లాబు మీదే నేరుగా నల్ల ట్యాంకు. షవర్ 2 మీటర్ల ఎత్తులో ఉంది. ట్యాంకు సగం ఖాళీ అయితే షవర్ నుంచి నీటి మట్టం దాకా మిగిలేది మీటరున్నర. పైగా పైపులు, వంపులు, షవర్ లోని సన్న రంధ్రాలు అందులోంచి కొంత తినేస్తాయి. డయాఫ్రం కదలదు. స్విచ్ పడదు. గీజర్ లో తప్పేం లేదు!

దీన్ని కనిపెట్టే ఈజీ టెస్ట్ ఉంది. షవర్ తిప్పితే ఆన్ అవ్వట్లేదు, కానీ కింద బకెట్ నల్లా తిప్పితే ఆన్ అవుతోంది అంటే కచ్చితంగా ప్రెషర్ సమస్యే. ఎందుకంటే నల్లా షవర్ కంటే ఒక మీటరు పైనే కింద ఉంటుంది, ఆ ఎత్తు మనకి కలిసొస్తుంది. ఇంకో టెస్ట్, గీజర్ లోంచి వచ్చే నీళ్లని 10 లీటర్ల బకెట్ లోకి పట్టి ఫోన్ లో స్టాప్‌వాచ్ పెట్టండి. 4 నిమిషాలు దాటిందంటే నిమిషానికి 2.5 లీటర్లు కూడా రావట్లేదు, చాలా గీజర్లు ఆ ఫ్లో కి లేవవు. పొద్దున ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు పనిచేసి, ఇంట్లో నలుగురు స్నానాలు చేశాక మొరాయిస్తే కూడా ఇదే కారణం.

ట్యాంకు ఎత్తు మారలేదు, పోయిన ఏడాది పనిచేసింది, ఇప్పుడు చేయట్లేదు అంటే మన బోరు నీళ్లని అనుమానించాలి. గీజర్ లోకి నీళ్లొచ్చే చోట వేలెడంత జాలీ ఫిల్టర్ ఉంటుంది. నీళ్లు కట్టేసి, పానాతో విప్పి చూడండి. ఇసుక, తెల్లటి సున్నం పొర, పైపు ముక్కలు అన్నీ అక్కడే ఉంటాయి. పాత బ్రష్ తో కడిగి పెట్టేయండి. ఉప్పు నీళ్ల వల్ల డయాఫ్రం కూడా బిరుసెక్కుతుంది, లేదా చిన్న చిల్లు పడుతుంది. చిల్లు పడితే రెండు పక్కలా ప్రెషర్ సమానమైపోతుంది, ఇక అది దేన్నీ తోయలేదు. మార్చడం కష్టం కాదు, కానీ మీ మోడల్ దే తేవాలి.

డౌట్ ఉంటే ఇలా చేయండి. రెగ్యులేటర్ దగ్గర గ్యాస్ పూర్తిగా ఆఫ్ చేసి, ముందు కవర్ విప్పి, మైక్రోస్విచ్ లీవర్ ని వేలితో ఒక్కసారి నొక్కండి. టిక్ టిక్ వచ్చిందంటే సెల్స్, స్విచ్, బోర్డు, స్పార్క్ అన్నీ ఓకే. మీ సమస్య నీళ్ల వైపే.

క్యాంపర్ లో కూడా ఇదే కథ

మా బావ అమెరికాలో ఉంటాడు. పోయిన చలికాలం క్యాంపర్ వ్యాన్ అద్దెకి తీసుకుని కొండల్లోకి వెళ్లారు. రాత్రి హీటర్ ఆన్ అవ్వట్లేదని వీడియో కాల్ చేశాడు. దాన్ని అక్కడ ఫర్నేస్ అంటారు, ప్రొపేన్ గ్యాస్ తో గాలిని వేడి చేస్తుంది. మన సిలిండర్ లో ప్రొపేన్ తో పాటు బ్యూటేన్ కూడా ఉంటుంది. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి ఆవిరి అవ్వడం మానేస్తుంది, ప్రొపేన్ మైనస్ 42 దాకా అవుతుంది. అందుకే అక్కడ ప్రొపేన్ వాడతారు.

నేను ఆ ఫర్నేస్ ని ఎప్పుడూ చూడలేదు. కానీ "ఏం సౌండ్ వస్తుంది బావా?" అని అడిగాను. ఫ్యాన్ తిరుగుతుంది కానీ నీరసంగా, టిక్ టిక్ మాత్రం లేదు అన్నాడు. దాని వరస ఏంటంటే, థర్మోస్టాట్ అడగ్గానే 12 వోల్టుల ఫ్యాన్ తిరుగుతుంది, ఆ గాలికి సెయిల్ స్విచ్ అనే చిన్న రేకు వంగుతుంది, అప్పుడే బోర్డు గ్యాస్ వదిలి స్పార్క్ ఇస్తుంది. మన గీజర్ లో డయాఫ్రం చేసే పని అక్కడ ఆ రేకు చేస్తుంది. బ్యాటరీ డల్ అయితే ఫ్యాన్ తిరుగుతుంది కానీ రేకు వంగేంత గాలి రాదు. బ్యాటరీ మీటర్ చూడమంటే 10.9 చూపించింది. ఇంజిన్ స్టార్ట్ చేసి ఛార్జింగ్ ఎక్కించగానే రెండో ట్రై లో వెలిగింది. ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి కరెంటు బాగానే ఉంది అనుకుంటే ఆ రాత్రి వాళ్లు చలికి వణికేవాళ్లు.

టిక్ టిక్ వస్తుంది, మంట రాదు

ఇక్కడ అందరూ చెప్పే మాట, "స్టవ్ వెలుగుతోంది కదా, గ్యాస్ ఉంది". సరిపోదు. చిన్న లెక్క వేద్దాం. నిమిషానికి 6 లీటర్ల నీళ్లని 25 డిగ్రీలు వేడెక్కించాలంటే నీళ్లకే 10.5 కిలోవాట్లు కావాలి, వృథా అయ్యేది కలిపితే 12 అనుకోండి. స్టవ్ పెద్ద బర్నర్ సుమారు 2 కిలోవాట్లు. అంటే గీజర్ ఆరు బర్నర్లతో సమానం. అయిపోవచ్చిన సిలిండర్, మడత పడిన పైపు, నీరసపడిన రెగ్యులేటర్, వీటితో ఒక బర్నర్ వెలగొచ్చు, గీజర్ వెలగదు. ఇంకోటి, కిలో గ్యాస్ కి 46 మెగాజౌల్స్ చొప్పున చూస్తే గీజర్ ఫుల్ గా గంట నడిస్తే సుమారు 0.94 కిలో కాలుతుంది. 14.2 కిలోల సిలిండర్ కి 15 గంటలు. "మొన్ననే మార్చినం గదా" అనే ముందు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి.

కొత్త సిలిండర్ పెట్టాక పైపులో గాలి ఉంటుంది, రెండు మూడు ట్రైల తర్వాత వెలుగుతుంది. కానీ ఊరికే మళ్లీ మళ్లీ ట్రై చేయకండి. ప్రతి ట్రై లో కొంచెం గ్యాస్ బయటికి వస్తుంది, ఎల్‌పీజీ గాలి కంటే బరువు కాబట్టి కింద పేరుకుంటుంది. మూడు సార్లు అయ్యాక ఆపేసి తలుపు తెరిచి కాసేపు ఆగండి. ఎండాకాలం అంతా వాడకుండా వదిలేసిన గీజర్ అయితే బర్నర్ లో సాలెగూడు ఉందేమో కూడా చూడండి. "టక్" అనే సౌండ్ కూడా రాకపోతే సోలెనాయిడ్. దాని వైర్ ఊడిందేమో చూడటం వరకే మన పని, గ్యాస్ వాల్వ్ ని మాత్రం విప్పకండి.

వెలుగుతుంది, కొన్ని సెకన్లలో ఆరిపోతుంది

ఇది చాలా ఈజీ. మంటలోంచి కరెంటు పారుతుందని మీకు తెలుసా? మంటలో అయాన్లు ఉంటాయి కాబట్టి మైక్రోఆంపియర్లలో కొద్దిగా పారుతుంది. ఫ్లేమ్ సెన్సర్ పుల్ల ఆ చిన్న కరెంటునే కొలుస్తుంది. పుల్ల మీద మసి పడితే కరెంటు పారదు, మంట కళ్ల ముందే ఉన్నా బోర్డుకి కనబడదు. గ్యాస్ ఆపి, చల్లారాక, సన్న గరుకు కాగితంతో పుల్లని మెరిసేదాకా తుడిచి, మంట తగిలే పొజిషన్ లోనే ఉందో లేదో చూసుకోండి. పైసా ఖర్చు లేదు. దీనికే బోర్డు మార్పించుకున్న వాళ్లని చూశాను.

కొన్ని నిమిషాలు వెలిగి ఆరిపోతుంది

సరిగ్గా 20 నిమిషాలకి ఆరితే అది టైమర్, చాలా మోడల్స్ లో కావాలనే పెడతారు. నీళ్లు సలసల కాగుతూ వచ్చి ఆరితే ఓవర్‌హీట్ స్విచ్, ఫ్లో పెంచండి లేదా గ్యాస్ నాబ్ తగ్గించండి. ఈ రెండూ కాకుండా ఐదారు నిమిషాలకి ఆరిపోతుంటే మాత్రం రిపేర్ ఆలోచన ఆపి, గది చూడండి.

మా మేనత్త వాళ్లింట్లో జరిగింది ఇదే. గీజర్ బాత్రూమ్ లోపలే ఉంది. చలి అని వెంటిలేటర్ కి అట్టముక్క అడ్డం పెట్టారు. రోజూ ఐదారు నిమిషాలకి ఆరిపోతుంది. ఎవరో మెకానిక్ వచ్చి పది నిమిషాల్లో "సెట్" చేసి వెళ్లాడు, ఆ రోజు నుంచి సూపర్ గా పనిచేస్తోంది. నేను వెళ్లింది వేరే పని మీద. మాటల్లో అత్తమ్మ "పిల్లకి తానం చేసినప్పుడల్లా తలనొప్పి లేస్తుందిరా, చలికేమో" అంది. కవర్ విప్పి చూస్తే, పైన పొగ పోయే హుడ్ దగ్గర ఉన్న సేఫ్టీ స్విచ్ వైర్లు రెండూ కత్తిరించి, ఒకదానికొకటి మెలిపెట్టి టేప్ చుట్టి ఉన్నాయి. పొగ బయటికి పోక వెనక్కి తన్నినా, మంట అదుపు తప్పి పైకి లేచినా అక్కడ వేడి పెరుగుతుంది, స్విచ్ తెరుచుకుని గ్యాస్ ఆపాలి. దాన్ని బైపాస్ చేశారన్నమాట.

లెక్క చూస్తే భయం వేస్తుంది. 5 అడుగులు, 6 అడుగులు, ఎత్తు 8 అడుగుల బాత్రూమ్ లో ఉండే గాలి 6.8 ఘనపు మీటర్లు. కిలో ఎల్‌పీజీ కాలడానికి 12 నుంచి 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. మన గీజర్ ఐదు నిమిషాల్లో ఒక ఘనపు మీటరు గాలిలోని ఆక్సిజన్ ని తినేస్తుంది. గది పూర్తిగా మూసి ఉంటే ఆక్సిజన్ 21 శాతం నుంచి 18 కి వచ్చేస్తుంది. అక్కడి నుంచి గ్యాస్ సరిగ్గా కాలదు, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, తర్వాత కాళ్లలో సత్తువ పోతుంది. గడియ తీద్దామనుకున్నా చెయ్యి లేవదు. మన దేశంలో డాక్టర్లు దీనికి గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అని పేరు పెట్టి మెడికల్ జర్నల్స్ లో కేసులు రాశారు, స్నానానికి వెళ్లి స్పృహ తప్పిన వాళ్లు, ఫిట్స్ వచ్చిన వాళ్లు అందులో ఉన్నారు.

గ్యాడ్జెట్ లవర్స్ కి ఇక్కడ ఒక ట్రాప్ ఉంది. స్మార్ట్‌వాచ్ లో ఆక్సిజన్ 98 చూపిస్తోంది కదా, ఏం కాలేదు అనుకోవద్దు. వాచ్, వేలికి పెట్టే మామూలు పల్స్ ఆక్సిమీటర్, రెండూ కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్ ని కూడా ఆక్సిజన్ ఉన్న దానిలాగే లెక్కపెడతాయి. మనిషి పడిపోతున్నా 98 చూపించగలవు. అనుమానం వస్తే బయటి గాలిలోకి తీసుకొచ్చి హాస్పిటల్ కి వెళ్లాలి, రక్త పరీక్షలోనే తెలుస్తుంది.

అత్తమ్మ వాళ్ల గీజర్ ని ఆ రోజే కట్టేశాం. కొత్త సేఫ్టీ స్విచ్ వేయించి, గీజర్ ని పెరట్లో గోడకి, వాన తగలకుండా చిన్న రేకు కింద బిగించాం. లోపలికి వేడి నీళ్ల పైపు ఒక్కటే వస్తుంది. పైపు పొడుగైంది కాబట్టి వేడి నీళ్లు రావడానికి ముందుకంటే కొంచెం లేట్ అవుతుంది, అంతే తేడా. అట్టముక్క తీసేశాం. పిల్లకి తలనొప్పి మళ్లీ రాలేదు.

క్యాంపర్ ఫర్నేస్ లో ఈ బాధ తక్కువ. దాని మంట మూసి ఉన్న పెట్టెలో ఉంటుంది, గాలి బయటి నుంచే తీసుకుని పొగ బయటికే వదులుతుంది. అయినా సరే అక్కడ క్యాంపర్లలో కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ కంపెనీ నుంచే బిగించి వస్తుంది. మన దగ్గర మంట స్నానం చేసే గదిలోనే, డిటెక్టర్ మాత్రం ఉండదు.

ఆన్‌లైన్ లో కొనేటప్పుడు రెండు విషయాలు చూడండి. ఎల్‌పీజీ లీక్ డిటెక్టర్ వేరు, కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ వేరు. ఒకటి ఇంకోదాని పని చేయదు. ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ ఉన్నదే తీసుకోండి, వెనక ఎక్స్‌పైరీ డేట్ ఉంటుంది, అది దాటితే బీప్ వచ్చినా నమ్మొద్దు. మన ఆర్డ్యుయినో బ్యాచ్ కి ప్రత్యేకంగా చెప్తున్నా, ఎంక్యూ-7 సెన్సర్ తో ప్రాజెక్ట్ చేసుకోండి, ప్రాణాలు మాత్రం దాని మీద పెట్టకండి. ఎల్‌పీజీ డిటెక్టర్ ని నేలకి దగ్గరగా పెట్టాలి. కార్బన్ మోనాక్సైడ్ దాదాపు గాలి అంతే బరువు కాబట్టి దాని డిటెక్టర్ ని మనిషి ముఖం ఎత్తులో, ఆవిరి నేరుగా తగలకుండా బాత్రూమ్ తలుపు బయట పెట్టండి. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి, గీజర్ సెల్స్ మార్చే రోజే దీని సెల్స్ కూడా మార్చేయండి.